సెలవు కాగితంలో చదివిన మాట

పాలకొల్లు,
12-8-1998

బేబక్కా,

కులాసా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆపరేషనై నెల దాటినా నిలబడి పాఠం చెప్పలేకపోతున్నానని, సెలవు పొడిగించమని అడగడానికి ఇవాళ స్కూలుకి వెళ్లాను. సగం జీతమైనా వస్తుందని ఆశ. గుమాస్తా లాజరు గారు ఆసుపత్రి వాళ్లు అంటించి ఇచ్చిన కవరు విప్పి, డాక్టరు సర్టిఫికెట్ చదివి, "ఇబ్బంది లేదండి టీచరు గారూ. గర్భసంచి తీసేశారు కాబట్టి ఇంకో నెల ఇస్తారు," అన్నారు.

"కాదండీ, అండాశయం మీద నీటితిత్తి ఒక్కటే తీశారు," అన్నాను.

ఆయన కాగితం మళ్లీ చూసి, ఆ మాట ఉన్న చోటు నాకు చూపించారు. ఇవాళ తేదీ ఎంతో కూడా నాకు గుర్తు రాకపోతే, ఫారం ఆయనే నింపారు.

ఇంటికొచ్చి మీ మరిదిని అడిగాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"రక్తం ఆగలేదంట. నేను తుని నుంచి వచ్చేసరికే వదిన గారితో సంతకం పెట్టించుకుని తీసేశారు. నీకు బలం వచ్చాక చెబుదామని ఆవిడే అన్నారు."

మాకు పెళ్లయి మూడేళ్లు. మొన్న నువ్వొచ్చినప్పుడు పాస్టరమ్మ గారు నాకు బిడ్డనిమ్మని ప్రార్థన చేస్తే, పక్కనే కూర్చుని నువ్వు ఆమేన్ అన్నావు.

నా ప్రాణం దక్కాలనే సంతకానికి ఒప్పుకుని ఉంటావు. కోపం కూడా రావడం లేదక్కా, ఏడుపూ రావడం లేదు. శనివారం ఒక్కదానివే రా. ఆ రోజు డాక్టరమ్మ నీతో ఏమందో మొదటి నుంచీ చెప్పు. మిగతాదైనా నీ నోటే వింటాను.

నీ చెల్లి