మూడు గుళ్లు, ఏడు శనివారాలు

ప్రొద్దుటూరు,
బుధవారం.

తమ్ముడు యువరాజ్‌కు,

మొన్న శనివారం పగలు పదకొండున్నరకు జమ్మలమడుగులో గుడి మెట్ల మీద అమ్మ స్పృహ తప్పి పడిపోయింది. రెండు సెలైన్లు ఎక్కించాక సాయంత్రానికి లేచి కూర్చుంది. ఇప్పుడు ఇంట్లో నడుస్తోంది. మిగతా అందరం క్షేమం. నీ యజమాని ఫోన్ కూడా లాక్కున్నాడని సెలవుకు వచ్చిన ఖాజా చెప్పాడు. రేపు ఖాజా కువైట్‌కు తిరిగి వస్తున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను.

నువ్వు ఖాజాతో అడిగించినవాటికి జవాబులు. ఎంబసీకి మన అర్జీ అందింది. నీ పాస్‌పోర్టు ఎప్పుడు ఇప్పిస్తారో చెప్పలేదు. గొర్రెలు బాగున్నాయి, రెండు ఈనాయి.

అమ్మ ఏ గుడికి పోతోందన్నావు. ఒకటి కాదు. శనివారం పొద్దున ప్రొద్దుటూరులో ఒకటి, తర్వాత జమ్మలమడుగు, పొద్దుగూకేలోపు పులివెందుల. మూడు దర్శనాలూ అయ్యేదాకా మంచినీళ్లు ముట్టకూడదు. ఏడు శనివారాలు చేస్తే పరాయిచోట చిక్కుకున్నవాడు ఇల్లు చేరతాడట. ఎండాకాలం. కిడ్నీలో రాళ్లున్నాయి, రోజుకు మూడు లీటర్లు తాగాలని డాక్టరు చెప్పిన మనిషి.

మొన్నది ఐదో వారం. ఇంకా రెండే కదా అనుకున్నాను. ఆసుపత్రి నుంచి వస్తూ ఆటోలో అమ్మ అంది:

"ఈ వారం లెక్కకు రాదురా. మళ్లీ మొదట్నుంచి పట్టాల."

"నువ్వు నీళ్లు తాగలేదు కదమ్మా."

"సూదిలోంచి పోయినేవి నీళ్లు గాక సారాయా?"

పక్కింటి జైనబ్ కూడా చెప్పి చూసింది. "మా రోజా ఉపవాసంలో జబ్బు మనుషులకు మాఫీ ఉందక్కా. మీ దేవుడు అంత మొండోడా?"

"మా దేవుడు మంచోడే మే. పేపర్లో మాఫీ ఉందని యాడ రాసినారు? చదివి ఇనిపించింది నువ్వే గదా!"

ఆ పేపరు మాదే. ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు, రాసింది నేనే. ఏప్రిల్‌లో పుణ్యక్షేత్రాల పేజీకి ఈ మూడు గుళ్ల చరిత్ర రాశాను. శాసనాలు, తేదీలు సరిచూసుకున్నాను. చివర ఐదు లైన్ల ఖాళీ మిగిలింది. 'భక్తుల విశ్వాసం' అని పెట్టి, ఈ ఏడు శనివారాల మొక్కు రాసి నింపేశాను. ఏ భక్తుడూ నాకు అలా చెప్పలేదు. ముప్పయ్యేళ్ల విలేకరి పనిలో మొన్నటిదాకా నేను కల్పించి రాసింది ఆ ఐదు లైన్లే. నువ్వు మనసులో ఉండి అలా రాశానేమో, తెలియదు.

ఆదివారం అమ్మ ముందు కూర్చుని ఒప్పుకున్నాను. గోరుచిక్కుళ్లు తుంచుతూ విన్నది.

"నువ్వు రాసినావు, సరే. రాయించిందెవురు?"

"ఎవరూ లేరమ్మా. ఖాళీ ఉంటే నింపాను."

"ఇంగేమీ తోచకుండా అదే యాల తోచింది నీకు? పోప్పా, పోయి పని చూసుకో."

సవరణ వేయమని డెస్కును అడిగాను. "ఇప్పుడు అబద్ధమంటే జనం వచ్చి ఆఫీసు ముందు కూర్చుంటారన్నా" అన్నారు.

నిజం చెప్పినా అమ్మ ఆగలేదు. అందుకే శుక్రవారం పేజీకి ఇంకో లైను రాసి పంపాను: 'జబ్బుతో ఉన్నవారు నీళ్లు తాగినా మొక్కు చెడదని పెద్దలు చెబుతారు.' ఏ పెద్దలూ చెప్పలేదు. నువ్వు ఎప్పుడైనా అమ్మతో మాట్లాడితే ఈ మాట కాదనవద్దు.

శుక్రవారం పొద్దున ఏడు గంటలకు జైనబ్ చదివి వినిపిస్తుంది. శనివారం ఇక్కడి దర్శనం అయ్యాక తొమ్మిదింబావుకు జమ్మలమడుగు బస్సు. సంచిలో నీళ్లు పెట్టుకుని నేనూ ఎక్కుతున్నాను. అది మళ్లీ ఒకటో వారం. ఏడోది జూలై రెండో శనివారం.

ఇట్లు,
నీ పెద్దన్న
నారాయణస్వామి