కుడి చెప్పు, కట్లపాము

ప్రియమైన అత్తయ్యకి,

మీరు పెద్దత్తయ్య ఊరెళ్ళి పది రోజులైంది. ఇల్లు బాగానే ఉంది, మొక్కలు బాగానే ఉన్నాయి. మీ అబ్బాయి మాత్రం నిన్నటి నుంచీ భోజనాల బల్ల మీదే కాపురం పెట్టాడు. కారణం చెబుతాను, కంగారు పడకండి.

నిన్న పొద్దున కాయ కోద్దామని జామకొమ్మ వంచబోతే ఆ కొమ్మ నా వైపు చూసింది. చిగురాకు రంగు, సన్నటి ఒళ్ళు, చెక్కిన పెన్సిల్‌లా కోసుగా మూతి. నా కేక విని మీ అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు, చూశాడు, వచ్చిన దానికంటే వేగంగా లోపలికి పరిగెత్తాడు. రోజంతా డిపోలో బస్సుల కింద దూరి నట్లు బిగించే మనిషి, అత్తయ్యా! పక్కింటి డ్రిల్లు మాస్టారు గోడ మీంచి కర్ర ఊపుతూ, "అది కళ్ళు పొడుస్తుందమ్మాయ్, తప్పుకో, నేను చూసుకుంటా" అన్నారు. పాము ఎవరి కళ్ళూ పొడవకుండా ఆకుల్లోకి వెళ్ళిపోయింది.

దాపరికం లేకుండా ఒక మాట. నేను మూడో అంతస్తులో పుట్టి పెరిగినదాన్ని. పెళ్ళై నాలుగు నెలలే అయినా ఈ తోట నాకు నచ్చింది, కానీ భయపడుతూ కాపురం చేయలేను. నేను డిజైన్లు గీసే దుప్పట్ల మిల్లు వాళ్ళు క్వార్టర్స్ ఇస్తామంటున్నారు. దరఖాస్తు తెచ్చి సొరుగులో పెట్టాను. నెలాఖరు దాకా గడువుంది. మీతో చెప్పకుండా నింపను.

పెద్దత్తయ్య విరిగిన కాలు ఎలా ఉంది? ఆవిడని మంచం దిగనివ్వకండి.

అన్నట్టు, బాత్‌రూమ్‌లో మీ కుడి చెప్పు ఒక్కటే పడి ఉంది. ఎడమది ఇల్లంతా వెతికినా లేదు. వెంటిలేటర్‌లో మీ పాత చీర ఎవరో కుక్కారు. తీసి ఉతికి ఆరేశాను.

ఉంటాను,
మీ కోడలు


ప్రియమైన కోడలు పిల్లకి,

మావాడి బల్ల కాపురం చదివి పగలబడి నవ్వాను. చిన్నప్పుడు వానపాముని చూసి మంచమెక్కేవాడు, ఇప్పుడు బల్ల దాకా ఎదిగాడు.

నువ్వు చూసింది పసిరిక పాము. బల్లులు, తొండలు దాని తిండి. కళ్ళు పొడుస్తుందన్నది వట్టి పుకారు. అలాగని ముట్టుకోకు. ఏ పామునీ ముట్టుకోకూడదు. నాలుగు బారల దూరముంటే నిలబడి తల నుంచి తోక దాకా తీరిగ్గా చూడు. లేదంటే మెల్లగా వెనక్కి నడు.

పంపు దగ్గర ఇంకో పెద్దమనిషి కనబడతాడు. మనిషంత పొడుగు, గోధుమ రంగు, పడగ విప్పడు. మాస్టారు దాన్ని నాగుపామంటాడు, నమ్మకు. అది జెర్రిపోతు. మన ఎలుకలన్నీ ఊరు వదిలి పోయాయనుకున్నావా? అన్నీ దాని పొట్టలోనే ఉన్నాయి. కట్టెలు గోడకి దూరంగా పేర్చు, చీకటి పడితే టార్చి లేకుండా అడుగు బయట పెట్టకు, చెప్పులు దులిపి వేసుకో.

నా చెప్పుల సంగతి వదిలెయ్, ఏదో హడావిడిలో వచ్చాను. కానీ ఆ చీర మళ్ళీ అక్కడే కుక్కెయ్. ఎందుకని అడక్కు.

దరఖాస్తు సొరుగులోనే ఉండనీ తల్లీ. మీరు వెళ్ళిపోతే ఆ ఇంట్లో నేనొక్కదాన్నే ఉండలేను. అంటే, ఊసుపోదని.

అక్క కులాసా. ఇప్పుడే స్టూలెక్కి అటక మీంచి ట్రంకుపెట్టె దించింది.

నీ మేలు కోరే
అత్తయ్య


ప్రియమైన అత్తయ్యకి,

మీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అప్పటికే మీ చీర ఇస్త్రీ అయిపోయి బీరువాలోకి చేరింది.

ముందు మంచి కబురు. పంపు దగ్గర పెద్దమనిషిని చూశాను. మాస్టారు "నాగుపామే! వంద శాతం!" అని అరుస్తుంటే, నేను నాలుగు బారల అవతల నిలబడి, "కాదు మాస్టారూ, జెర్రిపోతు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇప్పుడు రెండో కబురు. సోమవారం మీ అబ్బాయి స్నానానికి వెళ్ళి, తువ్వాలుతో సహా వీధిలో తేలాడు. వెంటిలేటర్ కింద గోడ మీద గోధుమ రంగు ఒంటిపై తెల్ల పట్టీల పాము ఉందట. నేను తలుపు సందులోంచి ఒక్క క్షణం చూసి మూసేశాను. తలుపు కింద గోనెసంచి దూర్చాం. బొమ్మ గీసి పంపుతున్నాను, ఏమిటో చెప్పండి.

పాములు పట్టే ఆయన ఊళ్ళో లేడు, పది రోజులకి గానీ రాడట. అంతదాకా మా స్నానాలు మాస్టారింట్లో. బకెట్టూ సబ్బూ పట్టుకుని వెళ్ళిన ప్రతిసారీ, "ఊఁ అనమ్మాయ్, ఒక్క దెబ్బ, తేలిపోతుంది" అంటారు. మా అత్తయ్య జవాబు వచ్చేదాకా కర్ర ఎత్తడానికి వీల్లేదని చెప్పాను. మీ అబ్బాయి మాత్రం దరఖాస్తు నింపమని నా ప్రాణం తీస్తున్నాడు. త్వరగా రాయండి.

మీ జవాబు కోసం చూస్తూ
మీ కోడలు


కోడలు పిల్లకి,

కుశల ప్రశ్నలు తరవాత. ఆ తలుపు తీయకండి!

బొమ్మ చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. కట్లపాముకి మెడ దగ్గర పట్టీలు దాదాపు ఉండవు. కాస్త కిందికి మొదలై, జంటలు జంటలుగా, తోక దాకా స్పష్టంగా ఉంటాయి. అది కరిస్తే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. అచ్చం దానిలాగే ఉండేది ఇంకోటుంది. విషం లేనిది, బల్లుల కోసం గోడలెక్కుతుంది. దానికి పట్టీలు మెడ దగ్గరే మొదలై, తోకకొచ్చేసరికి వెలిసిపోతాయి.

నీ బొమ్మలో మెడ నుంచి తోక చివరి దాకా అన్నీ ఒకేలాంటి పట్టీలు, స్కేలు పెట్టి గీసినట్టు. ఇంత పద్ధతైన పామును నేను చూడలేదు. తల్లీ, నువ్వు కళ్ళతో చూసింది గీశావా, మిల్లుకి గీసినట్టు గీశావా? బయట కిటికీ అద్దంలోంచి చూసి మళ్ళీ గీయి. తేలేదాకా అది కట్లపామే అనుకోండి. మాస్టారుని కూడా లోపలికి పోనివ్వకు, దెబ్బ తప్పితే ఆయనకే ప్రమాదం.

దిగులుతో
అత్తయ్య


ప్రియమైన అత్తయ్యకి,

తప్పు నాదే. ఆ రోజు సందులోంచి నాకు కనబడింది ముందు సగమే. మిగతా సగం నా చెయ్యి దానంతటదే పూర్తి చేసేసింది. మా పనిలో డిజైన్ సగంలో ఆగితే ఆ దుప్పటి ఎవరూ కొనరు, అందుకని పట్టీ ఎక్కడ మొదలైతే అంచుదాకా అలాగే లాగడం అలవాటు. నా అలవాటు కొద్దీ ఒక అమాయకపు ప్రాణికి ఉరిశిక్ష రాసేదాన్ని.

ఈసారి కిటికీ దగ్గర గంటసేపు నిలబడ్డాను. మెడ దగ్గర మొదటి పట్టీ వెడల్పుగా, తెల్లగా ఉంది. నడుము దాటాక పలచబడ్డాయి. తోక వట్టి గోధుమ రంగే. చూసింది చూసినట్టు గీశాను. దగ్గర్లో వేరే కాగితం లేక చేతికి దొరికిన దాని మీదే గీశాను, ఏమనుకోకండి.

నిన్న పాములు పట్టే ఆయన వచ్చి చూసి మీ మాటే అన్నాడు. సంచిలోకి ఎక్కించి తోట చివర రాళ్ళగుట్ట దగ్గర వదిలాడు. వెంటిలేటర్‌కి సన్న జాలీ కొట్టించాం. మీ అబ్బాయి బల్ల దిగాడు. మాస్టారు ఇప్పుడు కర్ర అవతల పెట్టి, "అమ్మాయ్, ఇదేం పామో వచ్చి చూడు" అని గోడ మీంచి పిలుస్తున్నారు.

అత్తయ్యా, బొమ్మ సరిగ్గా చూడటం మీరే నేర్పారు కనక అడుగుతున్నాను. కాలు విరిగినావిడ స్టూలెలా ఎక్కారు? పోయిన ఉత్తరంలో "అక్క ముప్ఫై ఏళ్ళలో చూడలేదు" అని రాసి, కొట్టేసి, "నేను చూడలేదు" అని ఎందుకు దిద్దారు? మీ ఎడమ చెప్పు ఎక్కడుంది?

ముద్దుగా మందలిస్తూ
మీ కోడలు


నా బంగారు తల్లికి,

బొమ్మ చూశాను. ఆ తరవాత కాగితం తిరగేశాను. క్వార్టర్స్ దరఖాస్తు! పేరు దగ్గర ఖాళీ, సంతకం దగ్గర ఖాళీ, గడువు మొన్ననే అయిపోయింది. అక్క ముందే కూర్చుని ఏడ్చాను. ఇన్ని రోజులూ పోస్టుమాన్ కనబడితే చాలు, మీరు వెళ్ళిపోతున్నారన్న కబురే తెచ్చాడనుకుని హడలిపోయేదాన్ని.

ఇక నా వంతు. అక్క కాలు ఏనాడూ విరగలేదు. ఆవిడ జూలో పాముల గది ముప్ఫై ఏళ్ళు చూసుకుంది. నువ్వు ఆవిడ ఉద్యోగమేమిటని అడగలేదు, నేను చెప్పలేదు. పాముల గురించి రాసిన ప్రతి ముక్కా ఆవిడ చెబుతుంటే నేను రాసిందే. మన తోటపనంతా మీ మామయ్య చేసేవారు. నేను పాతికేళ్ళూ కిటికీలోంచి మెచ్చుకునేదాన్ని.

ఆ రోజు మీరిద్దరూ పనికి వెళ్ళాక, బయట గోడ మీద కనబడిన ఆ పట్టీల పాము బాత్‌రూమ్‌లోకి రాకూడదని వెంటిలేటర్‌లో చీర కుక్కుతున్నాను. చూద్దును కదా, అది అప్పటికే లోపలుంది, నా భుజం పక్కనే! అక్క కాలు విరిగిందని ఎలా చీటీ రాశానో, ఎలా బస్సెక్కానో తెలియదు. సీట్లో కూర్చున్నాక చూసుకుంటే ఎడమ కాలికే చెప్పుంది. కొత్త కోడలి ముందు ఇంటి పెద్దది పాముకి పారిపోయిందంటే ఇక ఆ ఇంట్లో మీరెందుకుంటారు? అందుకే ధైర్యవంతురాలినని కోతలు కోశాను. నా కోతలు నమ్మి నువ్వు నిజంగా నిలబడ్డావు. క్షమించు తల్లీ.

ఆ దరఖాస్తు నీకు తిరిగి పంపను. బొమ్మ వైపు పైకి పెట్టి పటం కట్టించాను, బాత్‌రూమ్ తలుపుకి తగిలిద్దాం. శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను, ఎడమ చెప్పు వేసుకునే. కుడిది గుమ్మం దగ్గర పెట్టి ఉంచు. దాన్ని మాత్రం నువ్వే దులుపు, నాకింకా భయమే.

నీ ధైర్యం మీద భరోసాతో
నీ పిరికి అత్తయ్య