రెండో వరుస బెంచీ

జనవరి 9, గురువారం. చలి, మబ్బు. పని: అమ్మకు పెట్టె చేశాను.

నిన్న మధ్యాహ్నం అమ్మ పోయింది. పెట్టె బయట కొందామని అన్నయ్య అన్నాడు. నేను అప్పటికే పలకలు కోస్తున్నాను. మాట్లాడేవాడు అన్నయ్య, మేకు కొట్టేవాణ్ణి నేను. చిన్నప్పటి నుంచీ అంతే.

టేపు పెట్టలేదు. అమ్మ ఎత్తు నాకు తెలియదా అనుకున్నాను. నాకు తెలిసిన అమ్మ తలుపు పైగడియను మునివేళ్ళ మీద లేవకుండానే అందుకునేది. తీరా పడుకోబెట్టాక కాళ్ళ దగ్గర మూరెడు ఖాళీ మిగిలింది. ముప్పై ఏళ్ళ వడ్రంగంలో ఇదే మొదటి కొలత తప్పు. అన్నయ్య చూసి, ఏరా, అమ్మకి ఇంకా ఎదిగే వయసనుకున్నావా అన్నాడు. అని, గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఖాళీలో అమ్మ దుప్పటి, పాటల పుస్తకం సర్దాను.

జనవరి 12, ఆదివారం. ఎండ. పని లేదు.

చర్చిలో రెండో వరుస బెంచీ నాన్న చేసింది. నేల అక్కడ కాస్త వాలు. ఆ వాలుకు తగ్గట్టు నాలుగు కాళ్ళూ నాలుగు కొలతల్లో కోసి, బోల్టులతో నేలకు బిగించాడు. నడవ పక్కన అమ్మ చోటు. ఇవాళ అందులోకి ఎవరూ జరగలేదు.

మార్చి 1, శనివారం. ఉక్క. పని: పక్కింటి తలుపుకు కొత్త గడియ.

అమ్మాయి వచ్చింది. రెండేళ్ళుగా వేరే ఊళ్ళో నర్సు. సెలవు మీద అనుకున్నాం. సంచి దింపుతూనే చెప్పేసింది. నాలుగో నెల. పెళ్ళి కాలేదు, కాబోదు. ఎవడే వాడు అని వాళ్ళమ్మ మూడుసార్లు అడిగింది. పేరు చెబితే నాన్న రంపం పట్టుకుని బయల్దేరతాడు, ఆ మనిషి నాకు అక్కర్లేదు, బిడ్డ కావాలి అంది. తర్వాత నన్ను అడిగింది, నాన్నా, ఉండనా, పోనా అని.

నీ మంచం కోడు ఊగుతోంది, రేపు బాగుచేస్తా అన్నాను.

మార్చి 6, గురువారం. ఎండ. పని: మంచం.

చర్చి కమిటీ ఉత్తరం వచ్చింది. కింద సంతకం సెక్రటరీది. అంటే మా అన్నయ్యది. అమ్మాయి ఇకమీద అన్ని వరుసలకూ వెనక, తలుపు పక్కన కూర్చోవాలట. శిక్షలో ఉన్నవాళ్ళ చోటు అది. బల్లలో చెయ్యి వేయకూడదు, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదు. పుట్టబోయే బిడ్డ బాప్తిస్మం సంగతి తర్వాత ఆలోచిస్తారట. చివర 'ప్రేమతో' అని రాశాడు. వీధి దాటితే మా ఇల్లు. పోస్టులో పంపాడు.

సాయంత్రం వదిన వచ్చింది. అది రాసిన రోజు మీ అన్నయ్య ముద్ద ముట్టలేదు మరిదీ అని కళ్ళు తుడుచుకుంది. ముద్ద ముట్టనివాడు కలం మాత్రం ఎందుకు ముట్టాలక్కా అని నా ఆవిడ అంది.

మార్చి 8, శనివారం. ఎండ. పని: బెంచీ విప్పాను.

నాన్న బిగించిన బోల్టులు. తుప్పు పట్టి నేలలో కలిసిపోయాయి. కిరసనాయిలు పోసి, కూర్చుని, మళ్ళీ పోసి, నాలుగు గంటలు పట్టింది. బెంచీని ఈడ్చి తలుపు పక్కన పెట్టాను. వాచ్‌మన్ వచ్చి, ఏం మేస్త్రీ, చర్చి ఎత్తుకుపోతున్నావా అన్నాడు. లేదు, వెనక్కి జరుపుతున్నా అన్నాను.

మార్చి 9, ఆదివారం. మబ్బు.

ముగ్గురం వెనక కూర్చున్నాం. అమ్మ చోట్లో అమ్మాయి. బెంచీ ఊగింది. ఆ కాళ్ళు ఆ నేలకు కోసినవి. కమిటీ ఉత్తరం ఎనిమిది మడతలు పెట్టి ఒక కాలి కింద దోపాను. ఆగింది. మంచి దళసరి కాగితం.

ముందు రెండో వరుస పన్ను ఊడిన నోరులా ఉంది. పాస్టరుగారు ప్రసంగంలో దానివైపు చూసి మూడుసార్లు తడబడ్డారు. అన్నయ్య కమిటీ కుర్చీలో తల దించుకుని కూర్చున్నాడు.

మార్చి 10, సోమవారం.

అన్నయ్య వచ్చాడు. బెంచీ నీ సొత్తు కాదు, చర్చిది అన్నాడు. చర్చిలోనే ఉంది కదా అన్నాను. బోల్టులేవి అన్నాడు. జేబు తట్టి చూపించాను.

మే 18, ఆదివారం. ఎండ. పని లేదు.

టైలరు తాత వచ్చి మా బెంచీ మీద కూర్చున్నాడు. ఇక్కడైతే ఫ్యాను గాలి బాగా తగులుతుందట. ఇక్కడ ఫ్యాను లేదు.

ఆగస్టు 3, ఆదివారం. తెల్లవారి ఆరుంబావు. వాన.

ఆడపిల్ల. తల్లి క్షేమం. నర్సును అడిగి టేపు పెట్టి కొలిచాను. పందొమ్మిదిన్నర అంగుళాలు. ఇక ఎవరినీ జ్ఞాపకం మీద కొలవను.

ఆగస్టు 31, ఆదివారం. వాన తెరిపి ఇచ్చింది. పని లేదు.

ప్రార్థన మధ్యలో పసిది గుక్కపట్టింది. చర్చి అంతా వెనక్కి తిరిగింది. అమ్మాయి లేచి బయటికి పోబోయింది. కూర్చోమన్నాను. కాలి బొటనవేలితో ఆ కాగితం లాగేశాను. బెంచీ ఊగింది. ముగ్గురం కలిసి ఊగాం, మాతో పాటు టైలరు తాత. రెండో పాటకి పసిది నిద్రపోయింది. ముసలాయన కూడా.

సెప్టెంబరు 27, శనివారం. ఎండ. పని లేదు, ప్రయాణం.

నా ఆవిడ పోరు పడలేక నిన్న బస్సెక్కాం. ఏడు గంటలు. మమ్మల్ని ఎరగని ఊరి చర్చిలోనైనా పసిదానికి బాప్తిస్మం ఇస్తారేమోనని ఆశ. అక్కడి పాస్టరుగారు మంచి మనిషి. కాఫీ ఇచ్చారు. మీ చర్చి నుంచి ఉత్తరం తెచ్చారా అని అడిగారు. ఉత్తరమైతే ఒకటుందండీ, బెంచీ కాలి కింద వాడుకుంటున్నాం అని నా ఆవిడ చెప్పింది. ఆయన నవ్వారు. మీ చర్చి ఒప్పుకోలు లేకుండా బాప్తిస్మం ఇవ్వలేనన్నారు.

తిరుగు బస్సులో అమ్మాయి అంది, ఊరు కాని ఊళ్ళో దొంగచాటుగా ఎందుకు నాన్నా, ఇస్తే నానమ్మ కూర్చున్న చర్చిలోనే ఇవ్వాలి, లేకపోతే వద్దు అని. నిజమే. ఇక ఏ ఊరూ తిరగం.

నవంబరు 16, ఆదివారం. చలి మొదలు. పని: రంపం పదును.

అన్నయ్య వచ్చాడు. వాళ్ళ అమ్మాయి పెళ్ళి డిసెంబరు ఇరవై. మగపెళ్ళివారు చర్చి చూసి వెళ్ళారట. తాత చేసిన బెంచీ ఉందన్నారు, ఏదీ అని అడిగారట. మా నాన్న బెంచీ తలుపు పక్కన ఉందని ఏ మొహంతో చెప్పనురా అన్నాడు.

బెంచీ ముందుకు వస్తుంది, దాని మీద కూర్చునేవాళ్ళందరితో వస్తుంది, పసిదానికి బాప్తిస్మం అయ్యాక వస్తుంది అన్నాను. ఈ ఏడాది మొత్తంలో నేను మాట్లాడిన పెద్ద మాట ఇదే.

అన్నయ్య అరిచాడు. తమ్ముడివా, పగవాడివా అన్నాడు. రూలు రూలే అన్నాడు. వదిన గుమ్మంలో నిలబడి అంతా విని, లోపలికి రాకుండానే, మరిదీ, వచ్చే వారం మాకూ కాస్త చోటుంచు అంది.

నవంబరు 23, ఆదివారం. చలి. పని లేదు.

వదిన, పెళ్ళికూతురు మా బెంచీ మీద. ఇరుక్కుని కూర్చున్నాం. అన్నయ్య కమిటీ కుర్చీలో ఒక్కడే.

డిసెంబరు 10, బుధవారం. మంచు. పని: పెళ్ళికి ఊయల కుర్చీ.

పాస్టరుగారు ఇంటికొచ్చి చెప్పారు. కమిటీ ఒప్పుకుందట. శిక్ష తీసేశారు. ఆదివారం బాప్తిస్మం. ఆ మాట ఎత్తింది సెక్రటరీయేనట. ఎత్తేముందు మంచినీళ్ళు అడిగాడట.

డిసెంబరు 14, ఆదివారం. చలి, ఎండ. పని: బెంచీ ముందుకు జరిపాను. రెండో కొస అన్నయ్య పట్టాడు.

బాప్తిస్మం అయింది. రిజిస్టరులో అన్నయ్యే రాశాడు. తండ్రి పేరు దగ్గర కలం ఆగింది. అమ్మాయి తల దించలేదు. అన్నయ్య ఆ గడి వదిలేసి, తల్లి పేరు గడిలో పట్టనంత పెద్ద అక్షరాలతో రాశాడు.

రెండో వరుసలో కూర్చున్నాం. బెంచీ రాయిలా కదలకుండా నిలిచింది. పసిది గుక్కపట్టింది. ఊపు అలవాటైన పిల్ల. ఎవరు ఎత్తుకున్నా ఆగలేదు. అన్నయ్య కమిటీ కుర్చీలోంచి లేచి మా దగ్గరికి వచ్చాడు. వంగి నా చెవిలో, ఒరేయ్, ఆ కాగితం ఉందా అన్నాడు. జేబులోంచి తీసి ఇచ్చాను. కోటుతోనే మోకాళ్ళ మీద కూర్చుని, తను రాసిన ఉత్తరాన్ని తన చేత్తోనే బెంచీ కాలి కింద దోపాడు. లేచి, జరగండి అని మా పక్కన కూర్చున్నాడు. అందరం ఊగాం.

శనివారం పెళ్ళి. ఊగే బెంచీ మీద పెళ్ళివారిని కూర్చోబెట్టకూడదు. సాయంత్రం బోల్టులు, స్పానరు తీసుకుని చర్చికి వెళ్ళాను. కాగితం కాలి కిందే ఉంది. అమ్మ చోట్లో కూర్చుని ఒకసారి ఊగి చూశాను. తర్వాత కాగితం లాగి జేబులో పెట్టుకుని, స్పానరు తీసి బోల్టులు బిగించాను, పెళ్ళి అయ్యేదాకా.