బీరువ నిండ కార్ట్రిడ్జులు

నాచారం

బిడ్డ కావ్యకు,
నీ కాబోయే అత్త రాజ్యం రాస్తున్న. ఫోన్ల మాట్లాడితే మా నరేన్ మధ్యల దూరుతుండు, అందుకే ఉత్తరం. నీకు కార్ట్రిడ్జులంటే పానమట, బీరువ నిండ జమ చేసినవట. ఉప్పల్ల నీళ్ళు గంత ఖరాబున్నయా? మా నీళ్ళ ఫిల్టర్‌కు ఏడాదికి ఒక్క కార్ట్రిడ్జ్ మారిస్తే సాలు. కిడ్నీల రాళ్ళు గిట్ల ఉంటే ఇప్పుడే చెప్పు, దాచకు.
దీవెనలతో,
రాజ్యం

తా.క.: నరేన్‌తోని రెండు క్యాన్ల నీళ్ళు పంపుతున్న. బండి మీద తేలేనంటుండు. పెండ్లికి ముందే గిట్లంటే ఎట్ల?

ఉప్పల్

అత్తమ్మకు నమస్తే,
నా కిడ్నీలు మంచిగున్నయి. నేను జమ చేసేటివి ఫ్లాష్ కార్ట్రిడ్జులు. చిన్నప్పుడు చేతిల పట్టుకొని ఆడే గేమ్ డబ్బా ఉండె కదా, దాని వెనక దోపుతం. ఎనకట ఒక్క కార్ట్రిడ్జ్‌ల ఒక్కటే ఆట. ఫ్లాష్ దాంట్ల చిన్న మెమరీ కార్డు పెడితే మస్తు ఆటలు. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, ఏదీ ఇడవబుద్ధి కాదు. ఆదివారమొస్తే దోస్తులం నలుగురం కూసుంటం, కార్డులు మార్చుకుంటం, పొద్దుగూకే దాంక ఆడుతం.
మీ కావ్య

తా.క.: నరేన్ మెట్రోల తెచ్చిన క్యాన్లల ఒకటి స్టేషన్ కాడనే ఒలికింది. ఆయన్ని ఏమనకుండ్రి.

నాచారం

కావ్యకు,
డబ్బా సంగతి అర్థం కాలె. ఆఖరి ముచ్చట మటుకు అర్థమైంది. నలుగురు, కార్డులు, పొద్దుగూకే దాంక. పేకాట ఆడుతనని కాబోయే అత్తకే రాసినవంటే నీది మస్తు ధైర్యం. ముహూర్తం పెట్టుడు జర ఆపిన. ముందు మనిద్దరం ఎదురెదురు కూసోవాలె.
రాజ్యం

తా.క.: నరేన్‌కు చెప్పకు. వానికి పేక పేరెత్తితేనే పడదు.

ఉప్పల్

అత్తమ్మా,
నాకు పేకముక్కలు కలుపుడే రాదు. నమ్మకుంటే సూడుండ్రి, నా గేమ్ డబ్బాల ఒక కార్ట్రిడ్జ్ పెట్టి కొరియర్ చేస్తున్న. పైనుంచి ఇటుకలు పడుతయి, వరుసగ పేర్చాలె. గంతే. మీరు వద్దంటే బీరువల ఉన్నయన్ని అమ్మేస్త. పానం గుంజుతది గని, నరేన్ లేకుంటే ఇంకా గుంజుతది.
కావ్య

తా.క.: నిన్న మస్తు ఏడ్సిన. నరేన్ అడిగితే కండ్లకలక అన్న. నమ్మి చుక్కల మందు తెచ్చిండు.

నాచారం

బిడ్డా,
ఒక్కటి గూడ అమ్మకు. నేను కోపంతోని రాయలె, ఆశతోని రాసిన. మా కాలనీల పగటిపూట చింతగింజలు పెట్టి రమ్మీ ఆడుతం. శాంతాబాయి ఘట్‌కేసర్‌కు ఇల్లు మారినంక ఒక చెయ్యి తక్కువైంది. కోడలుకు పేకాట వస్తదంటే దేవుడే పంపిండనుకున్న. దూరం ముహూర్తం ఎందుకు, నీ ఆట సూసి, వచ్చే నెలలనే పెట్టిచ్చి, నిన్ను జల్ది తెచ్చుకుందామని ఆపిన. ముక్కలు కలుపుడే రాదంటే జర దిగులైంది. గని నీ డబ్బా పట్టినకాడి నుంచి నేనే రమ్మీకి పోతలేను. పొయ్యి మీద పప్పు రెండుసార్లు మాడింది.
ఇయ్యాల ముహూర్తం కోసం పంతులును పిలిచిన.
నీ అత్త రాజ్యం

తా.క.: పంతులు పంచాంగం తెరిచే లోపల "ఇదేందమ్మా" అని డబ్బా చేతిలకు తీసుకుండు. పొద్దటి నుంచి ఇస్తలేడు. ఇంకో డబ్బా జల్ది పంపు, లేకుంటే మీ లగ్గం అయ్యేటట్టు లేదు.