బలిపీఠం మీది మాత్రల సీసా

చెల్లెలు ఫైనెస్‌కు అన్న దీవెనలు.

సరస్సు ఒడ్డు సభల్లో వాక్యం బోధించి రాగానే విన్నాను. నీ రక్తంలో హెచ్.ఐ.వి. కనబడలేదని కబురొస్తే, స్వస్థత కలిగిందని మందిరంలో సాక్ష్యం చెప్పి, మాత్రల సీసాను బలిపీఠం మీద పెట్టావట. ఆడవాళ్లంతా నాట్యమాడారట.

నర్సు ఎమెల్డా నన్ను వెతుక్కుంటూ మొక్కజొన్న చేనుకే వచ్చింది. "మీ చెల్లెలి వేలు గుచ్చి, అట్టముక్క మీద చుక్కలు ఆరబెట్టి పట్నానికి పంపింది నేనే, అయ్యగారూ. కనబడలేదంటే పోయిందని కాదు, మాత్రలు దాన్ని కట్టేశాయని. కుక్క మొరగడం లేదని గొలుసు విప్పేస్తారా? చంటిది ఇంకా తల్లిపాలు తాగుతోందాయె, దానికీ అంటుకోదా," అంది.

ఆ చివరి మాటకు నా చేతిలో పార ఆగిపోయింది.

నువ్వు నాకు లేఖనం చూపిస్తావని తెలుసు. లూకా పదిహేడు తియ్యి. ప్రభువు పదిమంది కుష్ఠురోగులను యాజకుల దగ్గరికి నడవమన్నాడు, నడుస్తుండగానే వాళ్లు శుద్ధులయ్యారు. సగం దారిలో కూలబడినవాడు ఒక్కడూ లేడు. దేవుడు నిన్ను తాకలేదని నేననను. రోజూ మాత్ర మింగడమే నీ నడక అంటున్నాను.

సీసాను బలిపీఠం మీద నుంచి నేనే తీశాను. "దేవుడికిచ్చింది వెనక్కి తీసుకుంటారా?" అని సంఘపెద్ద గనిజానీ అడ్డొచ్చాడు. "దేవుడికి జబ్బు లేదయ్యా, నా చెల్లెలికుంది," అన్నాను.

ఈ ఉత్తరంతో పాటు సీసాను మీ వదిన తెస్తోంది. రేపు బిడ్డనెత్తుకుని ఎమెల్డా దగ్గరికి వెళ్లు. ఈ పూట మాత్ర నువ్వు మింగేదాకా మీ వదిన నీ గడప దిగదు.

మీ అన్న