వెనక సీటు బెల్టు

ఏవండీ, కారు తనిఖీ కేంద్రంలోనే వదిలేసి వచ్చాను, కనిపించలేదని కంగారుపడకండి. పాపను బడి నుంచి తీసుకురావడానికి బస్సులో వెళ్తున్నాను. వంట అయింది, తినేయండి.

మన కారు రోడ్డు మీద తిరగడానికి సర్టిఫికెట్ ఇవ్వలేమన్నారు. మీరు మార్చిన ఇంజిన్ చూసి అక్కడి ఇంజనీరు, "ఎవరమ్మా చేసింది? మంచి పనితనం" అన్నాడు. "మా ఆయనే" అని పొంగిపోయాను. తర్వాత మీరు కొత్తగా పెట్టిన వెనక సీటు బెల్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. అది బోల్టుతో సహా ఊడి అతని చేతిలోకి వచ్చేసింది. ఉత్త రేకుకి బిగించారట. రోజూ పాప కూర్చునేది అక్కడే కదండీ!

మిమ్మల్ని తిట్టాలనే కాగితం తీశాను. తిట్లు రావడం లేదు.

అన్నట్టు, కారేదని పాప అడిగితే ఏం చెప్పను? నాన్న పెట్టిన బెల్టని బడంతా చెప్పుకుంది.