కిరసనాయిలు మీద ఆపిన ఇంజను

నాచారం,
12-3-2004

త్రివేణికి,

నేను బాగానే ఉన్నాను. బావి దగ్గరి ఇంజను ఇరవైసార్లు తాడు గుంజినా స్టార్టు కాలేదన్న నీ కార్డు అందింది. ఉప్పల్ మెకానిక్ బుచ్చిరాములన్నను అడిగితే, "ఆపేటప్పుడు పెట్రోలు మీదికి తిప్పినవా?" అన్నాడు. తిప్పలేదు. ఇక్కడికి బయల్దేరిన రోజు బస్సు హారన్ విని కిరసనాయిలు మీదే ఆపేసి పరుగెత్తాను, తప్పు నాదే. కార్బురేటర్ నిండా కిరసనాయిలుంటే చల్లబడ్డ ఇంజను అంటుకోదట, పెట్రోలుతోనే అంటుకుంటుందట. తమ్ముణ్ణి కార్బురేటర్ కింది స్క్రూ విప్పి ఆ కిరసనాయిలంతా వంపేసి, పెట్రోలు వదిలి గుంజమను. అక్కడ బీడీ ముట్టించొద్దను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఆమెకు నా దండాలు. మిరపతోట ఎండితే ఎండనీ, నీకు ఐదో నెల. ఆ ఇరవైసార్లు గుంజింది నువ్వు కాదని వెంటనే ఒక కార్డు వెయ్యి.

యాదగిరి